గాజు పడవలో వెనక మనిషి

మా కుటుంబంలో దయ్యాలను నమ్మినవాళ్లు లేరు. గొప్ప కోసం చెప్పడం లేదు, అలవాటు అలాంటిది. ఉప్పాడ పక్కన సముద్రపు ఒడ్డున మా తాతగారు బంగళా కట్టిస్తున్నప్పుడు, ఆ చోటు మంచిది కాదని ఊరు ఊరంతా చెప్పిందట. ఆయన పునాది గోతుల పక్కనే మడత మంచం వేయించుకుని నెల రోజులు పడుకున్నారు. ఏమీ కనబడలేదని, దోమలు మాత్రం విపరీతమని మా నాన్నగారితో అన్నారు. నేనూ ఆ ఇంటి మనిషినే. ఇప్పుడు రాయబోయేది నాకు జరిగింది కాబట్టి రాస్తున్నాను. దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

ఆ బంగళాను ఏ దయ్యమూ ఏమీ చేయలేదు. సముద్రం తినేసింది. మొదట కొబ్బరితోట పోయింది, తరువాత ప్రహరీ, తరువాత ఒక్కొక్క మెట్టు. పొలాలు అంతకు ముందే పోయాయి, ఆ కథ ఇక్కడ అనవసరం. నేను రాజమండ్రిలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిగా చేరాను. రెండు గదుల అద్దె వాటాలో కాపురం. నేను ఎవరి మనవడినో ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను చెప్పను కూడా. అయినా వీధిలో నడిచేటప్పుడు నా వీపు వంగదు. కర్ర మింగినట్టు ఆ నడకేమిటని మా ఆవిడ సుభద్ర ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

తొంభైల చివర్లో ఒక ఆదివారం పొద్దున్న గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. భుజాన గోనెసంచి ఉంది. పేరు ఎల్లాజీ అని, ఉప్పాడ దగ్గర మా పాత ఊరి నుంచే మూడు బస్సులు మారి వచ్చానని చెప్పాడు. చేపల వేట అతని వృత్తి.

"మీ తాతగారి అద్దాలండి బాబుగారూ," అని సంచి దించాడు.

మా బంగళా సింహద్వారం పైన అర్ధచంద్రాకారంలో రంగుటద్దాల కిటికీ ఉండేది. నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. కూలిపోయిన గోడ నీళ్లలో ఉంది కదా, అక్కడ ఎల్లాజీ వల ఆ కిటికీ చట్రానికి తగులుకుంది. వల కోసుకుని మరీ దాన్ని పైకి తీశాడు. టేకు చట్రం కుళ్లిపోయింది కానీ అద్దాలు సగానికి పైగా బాగున్నాయి.

ఎందుకు తెచ్చావని అడిగాను. వాళ్ల నాన్న మా తోటలో మొక్కలకు నీళ్లు పోసేవాడట. "ఆ అద్దాల్లోంచి ఎండ నేల మీద పడితే, నేను ఆ రంగులు ఏరుకుందామని చూసేవోణ్ణంటండి, చిన్నప్పుడు. మా అయ్య ఎప్పుడూ చెప్పి నవ్వేవోడు."

అతన్ని కూర్చోమనడం నాకు తోచలేదు. సుభద్రే స్టూలు తెచ్చి వేసి కాఫీ ఇచ్చింది.

ఆ అద్దాలను ఏం చేయాలో వారం రోజులు తెలియలేదు. గోడకు ఒక క్యాలెండరు ఉండేది, పేపరు మిల్లులో పనిచేసే నా పాత విద్యార్థి తెచ్చి ఇచ్చినది. నెలకొకటి చొప్పున జపాన్ వాళ్ల పాతకాలపు బొమ్మలు. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దే పద్ధతి. మన కలంకారీ అచ్చులకు దూరపు చుట్టం అనుకోవచ్చు. అందులో ఒక బొమ్మ, నెల మారినా నేను తిప్పనిది. ఎడమ నుంచి ఇంటంత అల లేచి ఉంటుంది. దాని నురుగు కొసలు వేళ్లలా వంగి ఉంటాయి. కింద మూడు పొడుగాటి పడవలు, వాటిలో తలలు వంచుకున్న మనుషులు. దూరంగా, అలకంటే చిన్నదిగా, మంచు కప్పిన కొండ.

మా ఇంటిని తిన్న సముద్రాన్ని మా ఇంటి అద్దాలతోనే కట్టాలనిపించింది. కోపమో గౌరవమో చెప్పలేను.

చర్చి కిటికీలు బాగుచేసే ఒక ముసలి మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాను. బొమ్మను పెద్ద కాగితం మీద గీసి, ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క కాగితం ముక్కనూ గాజు మీద అంటించి, ఆ గీత వెంబడి గాజు కోయాలి. ముక్కల మధ్య సీసపు పట్టీ పెట్టి, అతుకుల దగ్గర టంకం పోయాలి. ఆ పాత గాజుకు ఒక వైపు నునుపు, ఒక వైపు గరుకు. కోత నున్నటి వైపునే సాగుతుంది. బిగించేటప్పుడు మాత్రం నున్నటి వైపు వీధి వైపుకి, గరుకు వైపు మన వైపుకి ఉండాలి. అందుకని ప్రతి కాగితం ముక్కనూ తిరగేసి అంటించాలి. అలా చేయకపోతే కుడి ఎడమ అవుతుంది. ఆ ఒక్క సంగతీ మరవకు మాస్టారూ అని మేస్త్రి రోజూ చెప్పేవాడు. నూటనలభై ముక్కలు కోశాను, ఒక్కసారి కూడా మరవలేదు.

నీలం, ఆకుపచ్చ సముద్రానికి సరిపోయాయి. నురుగుకి స్నానాలగదుల కిటికీలకు వేసే మసక అద్దం వాడాను. పడవలు పసుపు. చివరికి ఎర్రటి ముక్క ఒకటి, వేలెడంత, మిగిలిపోయింది. ఆ బొమ్మలో ఎరుపుకి చోటు లేదు.

ఏడాది పట్టింది. చట్రాన్ని తూర్పు వరండాలో నిలబెట్టి, వచ్చి చూడమని ఎల్లాజీకి కార్డు రాశాను. అవసరమైతే పిలవడానికి ఎదురింటి ఫోన్ నంబరు కూడా రాశాను. అతను వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడని నేను నిలబడి ఉన్నాను.

"ఏ ఊరోళ్లండీ వీళ్లు?"

"జపాన్ వాళ్లు."

"వాళ్లకి చుక్కాని పట్టేవోడు ఉండడా అండి?"

నాకు చురుక్కుమంది. నూట యాభై ఏళ్లు దాటిన బొమ్మ అనీ, ప్రపంచమంతా దాన్ని మెచ్చుకుందనీ చెప్పాను.

"మెచ్చుకున్నోళ్లంతా ఒడ్డున ఉన్నారు కదండీ," అన్నాడు.

వంటింట్లోంచి సుభద్ర పకాలున నవ్వింది.

ఎల్లాజీ మాత్రం నవ్వలేదు. అల కిందకు దూరుతున్న పడవ మీద వేలు పెట్టాడు. "అందరూ తెడ్లు కరుచుకుని పడుకుంటే ఇది తిరగబడిపోద్దండి బాబుగారూ. వెనకాల ఒక మనిషి ఉండాలండి. ఒక్కణ్ణి పెట్టండి."

అసలు బొమ్మలో లేనిది నేను పెట్టనని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. అతను భోజనం చేసి వెళ్లిపోయాడు.

ఆ తరువాత నెల తిరక్కుండానే తుఫాను పట్టింది. రాజమండ్రిలో వాన, గాలి, అంతే. మంగళవారం సాయంత్రం ఎదురింటి వాళ్లు ఫోనని పిలిచారు. ఉప్పాడ ఎస్టీడీ బూత్ నుంచి ఎవరో చీరలు నేసే ఆయన మాట్లాడుతున్నాడు. వేటకు వెళ్లిన పడవలన్నీ ఒడ్డు చేరాయి, ఒక్కటి తప్ప. అందులో ఎల్లాజీ, అతని బావమరిది, ఇంకొకతను ఉన్నారు. ఎల్లాజీ భార్య నూకరత్నం ఈ ఫోన్ చేయించింది. "మిమ్మల్ని రమ్మంటోందండి. ఎందుకో నాకు చెప్పట్లేదు," అన్నాడాయన.

బుధవారం మధ్యాహ్నానికి వెళ్లాను. రోడ్డు సగం సముద్రంలోకి జారి ఉంది. నూకరత్నం ఒడ్డున బండరాళ్ల మీద కూర్చుని ఉంది. నన్ను ఎప్పుడూ చూడలేదు, అయినా పోల్చుకుంది. లేచి నిలబడింది.

నేను దారి పొడుగునా ఆలోచించుకున్నవి చెప్పాను. కలెక్టరుగారికి ఇంగ్లీషులో అర్జీ రాస్తాననీ, హెలికాప్టరు పంపమని అడుగుతాననీ. ఆవిడ అంతా విన్నది.

"అవన్నీ రాయండి బాబుగారూ. ఆ మనిషిని కూడా పెట్టేయండి."

"ఏ మనిషి?"

"మీ అద్దాల పడవకండి. మీ ఇంటి నుంచొచ్చాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదండి ఆయన. వెనకాల మనిషి లేడే, వెనకాల మనిషి లేడే అని అదే మాట. అద్దం పడవ మునిగితే నీకేంటి నష్టం అని తిట్టాను కూడానండి. ఆ నోటితోటే అడుగుతున్నాను. పెట్టేయండి."

ఏడవలేదు. అడిగింది, అంతే.

ఈ మాట రాయడం నాకు సులువు కాదు. మా తాతగారి రోజుల్లో ఆ ఊరివాళ్లు ఏవేవో అడగడానికి బంగళా మెట్ల మీద కూర్చునేవారట. నా దగ్గరకు ఎవరూ ఏదీ అడగడానికి రాలేదు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని అందరికీ తెలుసు. నూకరత్నం అడిగింది నేను ఇవ్వగలిగినది. అది మూఢనమ్మకమని చెప్పడానికి నోరు తెరిచాను. "పెడతాను" అన్నాను.

గురువారం వాన వల్ల స్కూలు లేదు. పొద్దున్నే కలెక్టరుగారి అర్జీ పోస్టు చేసి వచ్చి పనిలో కూర్చున్నాను. మిగిలిన గాజు ఆ ఎర్ర ముక్క ఒక్కటే. నడుం పైభాగం మాత్రం వచ్చేలా ఒక మనిషిని గీశాను. పడవ వెనక కొసన కుడి అంచున కూర్చుని కుడిచేత్తో చుక్కాని పట్టుకున్నట్టు. ముఖానికి చోటు లేదు, పెట్టలేదు. కాగితం అంటించి కోశాను.

చట్రంలో పెట్టబోతే పట్టలేదు. అప్పుడు చూసుకున్నాను. కాగితం తిరగేయడం మరిచిపోయాను. మనిషి ఎడమచేతి వాటం మనిషి అయిపోయాడు. మళ్లీ కోయడానికి ఎర్రటి గాజు లేదు. గరుకు వైపు వీధికి పెడితే మిగతా గాజుల మధ్య మచ్చలా కనబడుతుంది. చివరికి పక్కనున్న నీలం ముక్కను కాస్త కోసి, అతన్ని పడవకు ఎడమ అంచున కూర్చోబెట్టాను. డ్రాయింగు మాస్టారికి ఇది సిగ్గుచేటు తప్పు. సుభద్రకు కూడా చెప్పలేదు.

కరెంటు లేదు. టంకం పోసే కడ్డీ కరెంటుతోనే వేడెక్కాలి, అందుకని కాచుకుని కూర్చున్నాను. పొద్దున్న పదింబావుకు వచ్చింది. పదకొండు కాకముందే అతుకులన్నీ పూర్తయ్యాయి. కరెంటు కోసం గడియారం చూస్తూ ఉన్నాను కాబట్టి ఈ టైము విషయంలో నాకు అనుమానం లేదు. పని అయ్యాక చట్రం మీద దుప్పటి కప్పేశాను. తప్పును చూస్తూ ఉండలేక.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పడవ కోనసీమ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ముగ్గురూ బతికే ఉన్నారు. ఎదురింటివాళ్ల హాల్లో నిలబడి ఆ మాట విన్నాను. వాళ్లు మంచినీళ్లు ఇచ్చేదాకా అక్కడే నిలబడి ఉన్నానట.

మూడు వారాల తరువాత ఎల్లాజీ, నూకరత్నం మా ఇంటికి వచ్చారు. పెదాల మీద చర్మం ఇంకా ఊడుతూనే ఉంది అతనికి. ఈసారి నేనే కుర్చీ వేశాను. చట్రం మీద దుప్పటి అలాగే ఉంది. అతను దానివైపు చూడకముందే జరిగింది చెప్పాడు. ఇది ముఖ్యం కాబట్టి రాస్తున్నాను. వినడానికి సుభద్ర కూడా ఉంది.

మొదటి రోజే ఇంజను మునిగింది, చుక్కాని విరిగింది. పడవ అడ్డం తిరిగిపోతూ ఉంటే నీళ్లు తోడి పోయడమే పని. బావమరిది నీరసంతో పడవలోనే పడిపోయాడు. గురువారం పొద్దున్న మొదటిసారి మబ్బు పలచబడి ఎండ కనబడింది. పొద్దు నడినెత్తికి ఇంకా రాలేదు.

"ఉన్నట్టుండి పడవ తిన్నగా నిలబడిందండి. అల వస్తే ముక్కు పైకెత్తి దిగుతోంది, ఎవరో తిప్పుతున్నట్టు. ఎవడ్రా అని వెనక్కి చూశానండి. కొసన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు."

"ఎలా ఉన్నాడు?" అంది సుభద్ర.

"ఎర్రగా కనబడ్డాడండి. నడుం కింద నాకు తెలీలేదు, నీళ్లడ్డం ఉన్నాయి." సుభద్ర వైపు నుంచి నా వైపు తిరిగాడు. "ఒకటే నాకు అర్థం కావట్లేదండి. ఎడం పక్కన కూర్చున్నాడు. ఎడంచేత్తో పట్టాడు. మా పడవలకి చుక్కాని కుడి పక్కన కడతామండి. ఎడం పక్కన తాడు కట్టే కన్నం కూడా ఉండదు. మావోడెవడూ అక్కడ కూర్చోడండి."

నా చేతిలోని గ్లాసు కింద పెట్టాను.

లేచి దుప్పటి తీశాను. వరండాలోకి ఎండ వస్తోంది. ఎల్లాజీ దగ్గరగా వచ్చి చూశాడు. నూకరత్నం అతని మోచెయ్యి పట్టుకుంది. అతను అన్న మొదటి మాట ఇది.

"మొహం పెట్టలేదేంటండీ?"

"చోటు లేక."

"ఆయ్," అని తల ఊపాడు. "అక్కడా కనబళ్లేదు లెండి."

ఆ తరువాత నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. మిగతా ఇద్దరినీ అడిగాను. పడవ తిన్నగా నడిచిందని ఇద్దరూ చెప్పారు, మనిషిని మాత్రం చూడలేదు. ఒడ్డు చేరాక నూకరత్నం ఎల్లాజీతో, బాబుగారు మనిషిని పెడతామన్నారని చెప్పింది. అది ఆవిడే ఒప్పుకుంది. డాక్టరైన నా శిష్యుడొకడు, మంచినీళ్లూ నిద్రా లేకపోతే ఎవరికైనా మనుషులు కనబడతారు మాస్టారూ అన్నాడు. నిజమే కావచ్చు. ఎదురెండలో ఎవరైనా ఎర్రగానే కనబడతారు, అదీ ఒప్పుకుంటాను. గాలి మారితే పడవ దానంతటదే తిన్నగా నిలబడవచ్చు.

ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలిపోతోంది. అది అసలు బొమ్మలో లేదు, ఎల్లాజీ అడిగినదాంట్లో లేదు, నూకరత్నానికి తెలియదు, మా ఆవిడకు తెలియదు. అది నా తొందర వల్ల ఆ పొద్దున్న ఆ బల్ల మీద పుట్టిన తప్పు. సముద్రం మీద ఉన్న మనిషికి అది ఎలా చేరింది?

తరువాతి ఏడు నేను రిటైరయ్యాను. ఆ బొమ్మ మీ దగ్గర ఉండటమే న్యాయమని, పట్టుకెళ్లమని ఎల్లాజీ దంపతులతో అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"మా ఇంటికి కిటికీ ఎక్కడుందండీ?" అని నూకరత్నం నవ్వింది. "ఉన్న గోడ ఎన్నాళ్లుంటాదో తెలీదు. ఇక్కడే ఉంచండి. మేమే వచ్చి చూస్తాం."

అన్నట్టే వస్తున్నారు. వాళ్లే కాదు, పనుల మీద రాజమండ్రి వచ్చిన ఆ ఊరివాళ్లు ఎవరైనా మా వరండాలోకి వచ్చి కాసేపు కూర్చుని వెళతారు. కొబ్బరికాయ కొడతామంటే ఒప్పుకోను. అది గుడి కాదు. సుభద్ర అందరికీ కాఫీ ఇస్తుంది. చందువా చేపలు తెచ్చినవాళ్ల దగ్గర నేను మొహమాటపడతాను, ఆవిడ పడదు. మా తాతగారి బంగళా మెట్ల మీద కూర్చున్నట్టు కాదు ఇది. కుర్చీలు చాలకపోతే నేనూ కిందే కూర్చుంటున్నాను. ఈ వయసులో ఇంత సందడి నాకు దొరుకుతుందనుకోలేదు.

మొన్నొకసారి నూకరత్నం ఆ ఎర్ర మనిషిని చాలాసేపు చూసి, ఆయన పేరేంటని అడిగింది. నాకు తెలియదన్నాను. గాజు కోసింది నేనే కానీ పేరు నాకు తెలియదు.

"పేరు లేకపోతే ఎలాగండీ? మళ్లీ అవసరం పడితే ఏమని పిలుస్తాం?"

ఎల్లాజీయే అందుకున్నాడు.

"పోయినసారి పేరెట్టి ఎవరు పిలిచారే?" అన్నాడు.